లప్పంలో మూడు చుక్కలు

పోయిన వారం మేస్త్రమ్మను తనిఖీ బల్ల దగ్గర, ఆడిన అబద్ధం ఇంకా నోట్లో ఉండగానే వదిలేసి వచ్చాం. ఆ సంచికను పక్కింటివాళ్ళు చదివి ఇస్తామని పట్టుకెళ్ళి తిరిగివ్వక, చదవలేకపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

తుపాకులు బాగుచేయడం మేస్త్రమ్మ వృత్తి. తండ్రి పెద్దమేస్త్రి దగ్గర నేర్చుకుంది, ఆయన చూపు పోయాక కొట్టు తనే నడుపుతోంది. ఊరి చివర రైఫిల్ క్లబ్బులో ఎనిమిది వందల మీటర్ల దూరానికి గురిపెట్టే పోటీలు జరుగుతాయి. ఇన్నాళ్ళూ వాటిలో రెండే విభాగాలు. రెండింట్లోనూ మేస్త్రి చేతిలో నెలల తరబడి నలిగిన తుపాకులకే చోటు. మామూలు తుపాకి భుజాన వేసుకుని ఎవరైనా వస్తే, కంచె అవతల నిలబడి చూసి వెళ్ళమనేవాళ్ళు. మేస్త్రమ్మ మూడో విభాగం పెట్టాలంది. దాని పేరు దుకాణం విభాగం. షరతు ఒక్కటే: తుపాకి దుకాణంలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి, ఏ మేస్త్రి చెయ్యీ దాని లోపల పడకూడదు. దర్జీయే సూది ముట్టుకోవద్దని చాటింపు వేసినట్టుందని క్లబ్బంతా నవ్వింది. పెద్దమేస్త్రి మాత్రం నవ్వలేదు. ఏడాదిగా ఆ విభాగం గురించి కూతురితో ఒక్క మాట మాట్లాడలేదు.

క్లబ్బు అధ్యక్షుడు మేస్త్రమ్మకి స్వయానా మేనమామ. ఇష్టం లేకపోయినా మూడు పోటీలు నడిపి చూద్దామన్నాడు. మొదటి పోటీ అయిన వారానికే ఒక మెలిక పెట్టాడు. మూడో పోటీలో గెలిచిన తుపాకిని సభ్యులందరి ముందూ విప్పి చూడాలి. లోపల మేస్త్రి చెయ్యి పడిన ఆనవాలు కనిపిస్తే ఆ విభాగం రద్దు, అయిదేళ్ళ దాకా దాని ఊసెత్తకూడదు. కనిపించకపోతే అదే రోజు మూడు గంటలకి ఓటింగు. మూడో పోటీ ఈ రోజే.

ఇక పొద్దున జరిగింది. దుకాణం విభాగంలో పోటీకి ముందు తుపాకుల తనిఖీ మేస్త్రమ్మ పనే. స్కూలు బస్సు నడిపే బస్సక్క తుపాకికి ఒక స్క్రూ వదులుగా ఉంటే, బిగిద్దామని మేస్త్రమ్మ విప్పింది. ఇనుప భాగం చెక్కలోంచి లేచేసరికి కింద బూడిదరంగు లప్పం. ఇనుముకీ చెక్కకీ మధ్య సందు లేకుండా ఆ లప్పం పోస్తే, పేలిన ప్రతిసారీ తుపాకి మళ్ళీ అదే చోట కుదురుకుంటుంది. దూరపు గురికి అది సగం బలం. దుకాణంలో కొన్న ఈ రకం తుపాకుల్లో అది ఉండదు, ఎవరో మేస్త్రి పోయాల్సిందే. ఆ ఎవరో ఎవరన్నది కూడా లప్పం మూలనే ఉంది. సూదితో గుచ్చిన మూడు చుక్కలు.

పెద్దమేస్త్రి కొట్టులో ఒక ఆనవాయితీ ఉండేది. పని నేర్చుకునేవాళ్ళు తమ చేతి పని మీద, విప్పితే తప్ప కనపడని చోట, సొంత గుర్తు పెట్టాలి. దాన్ని పరీక్షించి సరేనన్న పెద్దవాళ్ళు పక్కనే తమ గుర్తు వేస్తేనే తుపాకి గడప దాటాలి. మూడు చుక్కలు మేస్త్రమ్మవి. పదిహేడేళ్ళ కింద, ఆమెకి పద్నాలుగేళ్ళప్పుడు, ఒక పోస్టుమాస్టరు గారి తుపాకికి పోసిన మొట్టమొదటి లప్పం అది. ఆ తర్వాత ఆయన పోయారు. ఆయన భార్య, మా ఆయన దీన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదమ్మా అని నమ్మకంగా చెప్పి బస్సక్కకి అమ్మింది. ఆవిడకి తెలిసింది ఆవిడ చెప్పింది. ఒకే అచ్చులోంచి వచ్చిన వందల తుపాకుల్లో ఇదీ ఒకటి, పైనుంచి చూస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

మేస్త్రమ్మ మూసేసింది. స్క్రూల మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టి సీలు వేసింది. "అంతా బాగుంది, అక్కా" అంది. అక్కడ ఆపాం.

మనిషి చెడ్డది కాదు సుమండీ. పదిహేడు మంది పేర్లిచ్చిన విభాగం అది. నర్సుంది, రొట్టెలు కాల్చే ఆయన ఉన్నాడు, కంచె అవతల రెండేళ్ళు నిలబడి చూసిన బస్సక్క ఉంది. ఒక్క తుపాకి కోసం అంతమందినీ మళ్ళీ కంచె అవతలికి తోసెయ్యాలా అనుకుంది. పైగా చుక్కల పక్కన ఆయిలు మురికి కింద నాన్న గుర్తు, సున్నా, ఉండే ఉంటుంది, ఆయన పేరు కూడా రచ్చకెక్కుతుంది అనుకుంది. కారణాలకేం, అబద్ధమాడినవాడికి కావలసినన్ని దొరుకుతాయి.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, చీటీలు తీస్తే బస్సక్క వెనక కూర్చుని పాయింట్లు రాసే పని మేస్త్రమ్మకే వచ్చింది.

ఒక్కొక్కరికి పదిహేను గుళ్ళు. ఒక్కో గుండుకి పది పాయింట్లు మించవు. బోర్లా పడుకుని బస్సక్క గురిపెడుతుంటే, వెనక మోకాలెత్తు స్టూలు మీద మేస్త్రమ్మ దుర్బీను లోంచి చూస్తూ పలక మీద సున్నపుముక్కతో రాస్తోంది. గుండు పేలగానే దూరాన గొయ్యిలో ఉన్నవాళ్ళు అట్టను కిందికి దించి, చిల్లు పడిన చోట తెల్ల బిళ్ళ పెట్టి మళ్ళీ పైకి లేపుతారు. తొమ్మిది. పది. తొమ్మిది. ఏడాదిగా ఈ మనిషి గెలవాలని మేస్త్రమ్మ కోరుకుంది. ఇవాళ తప్పాలని కోరుకుంటోంది. గెలిచిన తుపాకినే విప్పుతారు. రెండో స్థానంలో ఉంటే ఎవరూ ముట్టుకోరు.

అవతల పళ్ళ డాక్టరు తన పదిహేనూ పూర్తిచేసి నూట ముప్పై ఎనిమిది దగ్గర ఆగాడు. బస్సక్కకి పద్నాలుగు అయ్యేసరికి నూట ముప్పై ఒకటి. చివరి గుండుకి ఎనిమిది వస్తే గెలుపు, ఏడు వస్తే సమానం. ఆరు వచ్చిందా, తుపాకి పెట్టెలోకి, విభాగం ఓటింగుకి. మేస్త్రమ్మ లెక్క అంతవరకూ వెళ్ళి ఆగింది.

అప్పుడే గాలి తిరిగింది. జెండాలు ఇంకా కుడివైపే వాలి ఉన్నాయి, వాటికి తెలియడానికి కాస్త సమయం పడుతుంది. దుర్బీనులో మాత్రం ఎండమావి ఒక్క క్షణం నిటారుగా ఉడికి, ఎడమకి పారడం మొదలుపెట్టింది. జెండా ఆలస్యంగా చెబుతుంది, ఎండమావి ముందే చెబుతుంది అని మేస్త్రమ్మకి చిన్నప్పుడు నేర్పింది మామయ్యే. బస్సక్క వేలు మీట మీద ఉంది. పాత గాలికే గురిపెట్టి ఉంది. ఈ గాలిలో ఆ గురికి ఆరు వస్తే గొప్ప.

పాయింట్లు రాసేవాళ్ళు నోరు విప్పకూడదన్నది రూలు. మేస్త్రమ్మ నోరు విప్పలేదు. రూలు కోసం కాదని ఆమెకీ తెలుసు. కాల్చెయ్, అక్కా, కాల్చెయ్ అని లోపల మొక్కుకుంది. మొక్కుకున్నాక సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

బస్సక్క వేలు మీట మీంచి తీసేసింది. తల కొంచెం ఎత్తి, ముందు గడ్డి వైపు చూసి, ముక్కుతో గట్టిగా గాలి పీల్చింది. నలభై మంది పిల్లల గోలలో బస్సు మలుపు తిప్పేదాన్ని, నాకు గాలి ఒక లెక్కా అని తరచూ అంటుంది. గురి చక్రం నాలుగు గంట్లు వెనక్కి తిప్పింది. మళ్ళీ చెంప ఆనించింది. ఆగింది. ఇంకా ఆగింది. పేల్చింది.

అట్ట దిగింది. లేచింది. తెల్ల బిళ్ళ నట్టనడుమ ఉంది.

పది అని మేస్త్రమ్మే పైకి చెప్పాలి. చెప్పింది. నర్సు కేక పెట్టింది, రొట్టెలాయన టోపీ ఎగరేశాడు. బస్సక్క లేచి మోచేతుల మట్టి దులుపుకుని మేస్త్రమ్మను గట్టిగా వాటేసుకుంది. ఆమె చొక్కా కాలరు దగ్గర డీజిలు వాసన, చెమట వాసన. ఇన్నేళ్ళలో ఎవరైనా నన్ను లోపలికి రమ్మన్నారంటే నువ్వే అని చెవిలో అంది. మేస్త్రమ్మ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పలకనే పట్టుకుని నిలబడింది.

రెండున్నరకి అందరూ సమావేశం గదిలో చేరారు. పొడవాటి గది. గోడల నిండా పాత విజేతల పటాలు, వాటిలో సగానికి పైగా మామయ్యవే. ముందు వరసలో మామయ్య పక్క కుర్చీలో పెద్దమేస్త్రి కూర్చుని ఉన్నాడు, నల్ల కళ్ళద్దాలు, రెండు చేతుల మధ్య కర్ర. ఏడాది తర్వాత ఆయన క్లబ్బులో కాలుపెట్టడం ఇదే. మామయ్యే కారులో తీసుకొచ్చాడట. కూతురికి వ్యతిరేకంగా ఓటేయడానికే వచ్చాడని వెనక వరసలో గుసగుసలు. మేస్త్రమ్మకీ అలాగే అనిపించింది. తుపాకికి మేస్త్రి అక్కర్లేదని కూతురే రూలు రాస్తే, బతుకంతా మేస్త్రిగా బతికిన మనిషికి ఎలా ఉంటుంది మరి.

మామయ్య గొంతు ఎప్పుడూ పైకి లేవదు, అదే ఆయన బలం. విజేతని అభినందించాడు. తర్వాత తన మాట తాను చెప్పాడు, అన్యాయంగా ఏం చెప్పలేదు. తుపాకిని సిద్ధం చేసుకోవడం కూడా పోటీలో భాగమేనట. రాత్రనక పగలనక ఆ పని చేసినవాళ్ళ పక్కనే, చెయ్యనివాళ్ళకి వేరే మెట్లు కట్టి వేరే పీట వేస్తే, పీటకే విలువ పోతుందట. అయినా తను పక్షపాతి కాదనీ, అనుకున్న ప్రకారం తుపాకి విప్పి చూద్దామనీ, శుభ్రంగా ఉంటే తనే మొదటి ఓటు వేస్తాననీ అన్నాడు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. బస్సక్క తన తుపాకిని దాని మీద పడుకోబెట్టి, పిల్లని బడిలో దింపినట్టు ఒకసారి తట్టి, మూడో వరసలో కూర్చుంది.

మేస్త్రమ్మ స్క్రూడ్రైవరు తీసింది. మామయ్య చెయ్యి చాచాడు. విభాగం నడిపేది నువ్వు, నువ్వే విప్పితే బాగోదు, ఇలా ఇవ్వు నేను విప్పుతాను అన్నాడు. మాట సబబుగానే ఉంది. గదిలో తలలు ఊగాయి.

ఇచ్చేస్తే అయిపోయేది. ఆయన విప్పేవాడు, లప్పం బయటపడేది, అయ్యో నాకేం తెలుసు అని ఆమె నోరెళ్ళబెట్టేది. పదిహేడేళ్ళ నాటి పని గుర్తులేదంటే కాదనేవాడెవడు? మేస్త్రమ్మ ఆ దారి కూడా చూసింది. చూసి, మూడో వరసలో చొక్కా కాలరు సర్దుకుంటున్న బస్సక్కని చూసింది. స్క్రూడ్రైవరు ఇవ్వలేదు.

"విప్పే ముందు ఒక మాట చెప్పాలి, మామయ్యా."

"విప్పాక చెప్పమ్మా. కొంపలేం మునిగిపోవు."

"విప్పాక చెబితే అది చెప్పడం కాదు, దొరికిపోవడం" అంది మేస్త్రమ్మ. "దీంట్లో లప్పం ఉంది. పోసింది నేనే, పద్నాలుగేళ్ళప్పుడు. ఇది ఆ తుపాకే అని నాకు ఇవాళ పొద్దున తనిఖీలో తెలిసింది. తెలిసి మూసేసి సీలు వేశాను. బస్సక్కకి ఈ విషయం ఇప్పటిదాకా తెలీదు. తప్పు తనది కాదు."

పళ్ళ డాక్టరు చేతిలోని కప్పు కింద పెట్టాడు. బస్సక్క లేచి నిలబడింది. ఆమె కోపం అరిచే రకం కాదు. పిల్లలు కిటికీలోంచి తల బయట పెడితే బస్సు ఆపి, ఏమీ అనకుండా అద్దంలో చూస్తూ కూర్చునే రకం. ఇప్పుడూ అలాగే చూసింది.

"పొద్దున నాతో అంతా బాగుందన్నావు."

"అన్నాను, అక్కా."

"నేను చివరి గుండు పేలుస్తుంటే నా వెనకే ఉన్నావు."

"ఉన్నాను."

"తప్పిపోవాలని కోరుకున్నావా?"

కాదనడానికి ఒక్క చిన్న మాట చాలు. "కోరుకున్నాను" అంది మేస్త్రమ్మ.

పొద్దునే చెప్పి ఉంటే నా అంతట నేనే తుపాకి సర్దుకుని వెళ్ళిపోయేదాన్ని అంది బస్సక్క. అప్పుడు తన వల్ల ఎవరి విభాగమూ పోయేది కాదనీ, ఇప్పుడు ఇంతమంది ముందు దొంగలా నిలబడాల్సి వచ్చిందనీ, తన బస్సెక్కే పిల్లల తల్లిదండ్రులు ముగ్గురు ఇదే గదిలో ఉన్నారనీ అంది. చివరికి చెయ్యి చాచి, "నా సీసా నాకిచ్చెయ్" అంది.

గోళ్ళరంగు సీసా. మొదటి పోటీ రోజు సీలు వేయడానికి ఏమీ లేక వెతుకుతుంటే, బస్సక్కే నవ్వుతూ సంచీలోంచి తీసిచ్చిన సీసా. అప్పటి నుంచి ప్రతి తుపాకి మీదా అదే చుక్క. మేస్త్రమ్మ జేబులోంచి తీసి ఇచ్చింది. ఇస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడ్చే హక్కు కూడా లేదనిపించి మింగేసింది.

మామయ్య నిట్టూర్చాడు. నా మేనకోడలని దాచను, కంచే చేను మేసింది అన్నాడు. చిన్నపిల్ల తొందరపాటని పెద్దమనసుతో వదిలేద్దామనీ, తనిఖీ బాధ్యత నుంచి మాత్రం ఆమెను తప్పించాలనీ, విభాగం సంగతి ఇక చెప్పేదేముందనీ చాలా మెత్తగా చెప్పుకుపోయాడు. చెబుతూనే తెల్లగుడ్డ అంచులు రెండు వైపుల నుంచీ తుపాకి మీదికి మడిచాడు. "తనే ఒప్పుకుంది కదా. ఇక విప్పక్కర్లేదు."

"విప్పాలి" అంది బస్సక్క.

మామయ్య చెయ్యి గుడ్డ మీదే ఆగింది. మూడో వరసలోంచి ఆమె ముందుకి నడిచింది. బూట్లకి ఇంకా గడ్డి ఉంది. "రెండేళ్ళు దాన్ని పక్కన పెట్టుకు తిరిగాను. లోపల ఏముందో తెలీకుండా ఇంటికి తీసుకెళ్ళమంటారా? రూలు మీరే పెట్టారు. విప్పండి."

అదేం పెద్ద కోరిక కాదు కదా. మామయ్య సరేనంటూ మళ్ళీ స్క్రూడ్రైవరు కోసం చెయ్యి చాచాడు. బస్సక్క అడ్డం నిలబడింది. మీరొద్దు, అబద్ధం ఆడినావిడే విప్పాలి, నేను పక్కన నిలబడి చూస్తాను అంది. అది ప్రేమతో అన్న మాట కాదు.

మేస్త్రమ్మ విప్పింది. ఎర్ర చుక్క పగిలింది. రెండు స్క్రూలు గుడ్డ మీద దొర్లాయి. ఇనుప భాగం లేచింది. బూడిదరంగు లప్పం వెలుతురులోకి వచ్చింది. ముందు వరసలవాళ్ళు మెడలు చాచారు. మూడు చుక్కలు చిన్నగా, వంకరగా కనిపిస్తున్నాయి. అంత బాధలోనూ మేస్త్రమ్మకి ఆ వంకర చూస్తే ఆ ఎండాకాలం మధ్యాహ్నం, నాలుక బయటపెట్టి సూది గుచ్చిన పద్నాలుగేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. పక్కన నాన్న సున్నా కోసం వెతికింది. మురికి పేరుకుని ఉంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచింది.

సున్నా లేదు. ఏటవాలుగా గీసిన ఒక గీత ఉంది.

ఆ ఎండాకాలం నాన్న మూడు వారాలు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. కొట్టు చూసుకున్నది, అప్పటికి అక్కడే పని నేర్చి చెయ్యి తిరిగిన మామయ్య. ఆ లప్పాన్ని గోటితో గీకి చూసి, బాగుందే పిల్లా అని తల నిమిరింది ఆయనే. ఏటవాలు గీత ఆయన గుర్తు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. దుకాణం విభాగం మొదటి పోటీ రోజు మామయ్య బస్సక్క తుపాకిని చేతిలోకి తీసుకున్నాడు. ఇనుమూ చెక్కా కలిసే అంచు వెంబడి బొటనవేలి గోరు నెమ్మదిగా పోనిచ్చాడు. మంచి తుపాకమ్మా, జాగ్రత్తగా చూసుకో అని తిరిగిచ్చాడు. పెద్దాయన మెత్తబడ్డాడని మేస్త్రమ్మ ఆ రోజు సంతోషపడింది. ఆ తర్వాత వారానికే గెలిచిన తుపాకిని విప్పాలన్న మెలిక వచ్చింది. అంటే ఆ గోటికి అప్పుడే తెలుసు. బస్సక్క గెలుస్తుందనీ తెలుసు. ఏడాది పొడవునా ఈ తెల్లగుడ్డ కోసం ఆయన ఓపిగ్గా కాచుకుని కూర్చున్నాడు.

తల ఎత్తి చూసింది. మామయ్య కిటికీలోంచి జెండాల వైపు చూస్తున్నాడు.

చెప్పెయ్యాలి. చెబితే ఏమవుతుంది? పొద్దున అబద్ధమాడానని పది నిమిషాల కిందట ఒప్పుకున్న మనిషి, ఇప్పుడు తప్పించుకోలేక మేనమామ మీదికి తోస్తోందంటారు. గీతే కదా, ఎవరైనా గీయొచ్చంటారు. ఆ గుర్తుల సంగతి ఈ లోకంలో తెలిసినవాళ్ళు ముగ్గురే. ఒకరు తను. ఒకరు జెండాలు చూస్తున్నారు. మూడో మనిషికి చూపు లేదు, ఏడాదిగా తనతో మాటా సరిగ్గా లేదు. పొద్దున ఆడిన ఒక్క అబద్ధం, మధ్యాహ్నానికి తన నోట్లోని నిజాన్ని కూడా పనికిరాకుండా చేసింది. మేస్త్రమ్మ గుడ్డ నలుపుతూ నిలబడిపోయింది.

"ఏంటది?" అని బస్సక్క అడిగింది. పక్కనే నిలబడి చూస్తోంది కదా, తుడవడం ఆగిపోవడం ఆమె కంట పడింది. "ఆ చుక్కలు నీవన్నావు. మరి ఈ గీత ఏంటి?"

జవాబు మామయ్య చెప్పాడు. పాత గీరుడు అయ్యుంటుందిలే, ఇక మూసెయ్యండి, మూడు కావస్తోంది, ఓటింగు లేదని రాసేసుకుందాం అన్నాడు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. కాస్త తొందరగా మాత్రం ఉంది.

ముందు వరసలో కర్ర నేల మీద ఒకసారి తట్టింది.

"గీతా?" అన్నాడు పెద్దమేస్త్రి. "ఏది, ఇలా తే."

ఇంటికి వెళ్ళాక చూద్దువులే బావా అంటూ మామయ్య వచ్చి పక్క కుర్చీలో కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. పెద్దమేస్త్రి ఆ చెయ్యి తీసి, దాని యజమాని ఒళ్ళో పెట్టాడు. బస్సక్క ఎవరి అనుమతీ అడగలేదు. లప్పం ఉన్న చెక్కను రెండు చేతులా ఎత్తి తీసుకెళ్ళి ముసలాయన మోకాళ్ళ మీద ఉంచింది.

ఆయన వేళ్ళు చెక్క అంచు నుంచి మొదలుపెట్టాయి. తొందరేమీ లేదు. యాభై ఏళ్ళు ఇనుమునీ చెక్కనీ తడిమిన వేళ్ళు, కళ్ళు పోయాక ఇంకా పదునెక్కిన వేళ్ళు. లప్పం మీద అరచెయ్యి ఒకసారి నిమిరింది. మూల దగ్గరకొచ్చి బొటనవేలు ఆగింది.

"మూడు చుక్కలు మా అమ్మాయివి" అన్నాడు, గదికంతటికీ వినపడేలా. "వంకరగా ఉన్నాయి. మొదటి పని కదా. లప్పం మాత్రం బాగా పోసింది."

పదిహేడేళ్ళలో తండ్రి నోట ఆమె విన్న మొదటి మెప్పు అది. ఇలాంటి చోట, ఇలాంటి వేళ వినాల్సి వచ్చింది.

బొటనవేలు అంగుళం పక్కకి జరిగింది. ఏటవాలుగా ఒకసారి, మళ్ళీ ఒకసారి నడిచింది. పెద్దమేస్త్రి నల్ల కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. చూపులేని ముఖాన్ని పక్క కుర్చీ వైపు తిప్పాడు.

"మొన్న ఇంటికొచ్చి, అమ్మాయి రూలు మన కులవృత్తికే అవమానం బావా అన్నావు. సరే, నీతో కారెక్కి వచ్చాను. దీనికోసం తీసుకొస్తున్నానని మాత్రం చెప్పలేదేంరా?"

"బావా, ఇంటి విషయాలు ఇంట్లో మాట్లాడుకుందాం."

"తుపాకి ఇంట్లో లేదు. నా ఒళ్ళో ఉంది."

గోడ గడియారం మూడుకి అయిదు నిమిషాలు చూపిస్తోంది. ఓటు చీటీలు బల్ల మీద ఉన్నాయి, ఎవరూ వాటి వంక చూడటం లేదు. బస్సక్క పిడికిలి ఎర్ర సీసా మీద బిగుసుకుంది.

"ఈ గీత ఎవరిదో నువ్వు చెప్తావా?" అన్నాడు పెద్దమేస్త్రి. "నన్ను చెప్పమంటావా?"

మామయ్య కుర్చీలోంచి లేచాడు.